మీరు చూసుకోండి

ఆయన పోయిన వార్త జిల్లా పేజీలో నాలుగంగుళాల మేర వేశారు. పైన ఫొటో కూడా ఉంది. మా స్కూల్లో తెలుగు మాస్టారు ఆ పేపరు పట్టుకొచ్చి, మీరు ఈయన దగ్గరే పనిచేశారు కదండీ అంటూ నా బల్ల మీద పెట్టారు. చదివాను. వందల విగ్రహాలు చేశారనీ, ఎందరికో అన్నం పెట్టారనీ, జీవితంలో ఎవర్నీ పల్లెత్తు మాట అని ఎరగరనీ రాశారు.

ఆ చివరి మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. నాలుగేళ్ళ పైచిలుకు ఆయన స్టూడియోలో ఉన్నాను. నన్ను గానీ, మిగతా ఆరుగుర్ని గానీ ఆయన గొంతు పెంచి ఒక్క మాట అనలేదు. ఆ నిజం దగ్గరే నాకు ఒళ్ళు మండింది. పేపరు మడిచి ఇచ్చేసి ఏడో తరగతికి డ్రాయింగ్ చెప్పడానికి వెళ్ళిపోయాను. ఆ పీరియడంతా పిల్లల్ని ఒక కుండ గీయమని చెప్పి కిటికీ దగ్గర నిలబడ్డాను.

స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. పాలకొల్లు దాటాక నరసాపురం వెళ్ళే రోడ్డులో, కాలవ పక్కన మూతబడిన రైస్ మిల్లు షెడ్డు. ఎత్తుగా ఉంటుంది కాబట్టి పన్నెండడుగుల విగ్రహం నిలబెట్టినా తల తగలదు. చేపల చెరువులు, రొయ్యల చెరువులు కలిసొచ్చిన రోజులవి. కాస్త డబ్బు చూసిన కుటుంబమల్లా తమ తాతగారిని ఊరి సెంటర్లో నిలబెట్టాలనుకునేది. ఆయన మట్టితో ముఖం చేసేవారు. మిగతా ఒళ్ళంతా మేం చేసేవాళ్ళం. మట్టి బొమ్మ మీద ప్లాస్టర్‌తో అచ్చు తీసి, ఆ అచ్చులో ఫైబర్ విగ్రహం పోసే పని సూర్రావు బాబాయ్‌ది. బంధుత్వం ఏమీ లేదు, వయసుని బట్టి నేనలా పిలిచేదాన్ని. ఆఖర్న కంచు రంగు వెయ్యడం, దిమ్మెకి పేరు పలక రాయడం, వచ్చిన ఉత్తరాలకి జవాబులు రాయడం నా పని. డ్రాయింగ్ హయ్యర్ పరీక్ష పాసై, టీచరు ఉద్యోగం వచ్చేదాకా ఇంట్లో కూర్చోలేక తొంభై ఆరులో చేరాను. నా చేతిరాత బాగుంటుందని ఆయన వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు.

అందరం ఆయన్ని గురువుగారూ అనేవాళ్ళం. పొద్దున్నే తొమ్మిదింటికి స్కూటరు మీద వచ్చేవారు. హ్యాండిల్‌కి సంచీ, సంచీలో చక్రకేళీలు. ముందు తలా ఒక పండు చేతిలో పెట్టేవారు. ఎవరి పిల్లకి జ్వరం వచ్చింది, ఎవరి అమ్మకి కంటి ఆపరేషన్ అయింది, అన్నీ గుర్తుండేవి. అవన్నీ అడిగాకే పని జోలికి వచ్చేవారు. మధ్యాహ్నం మాతో పాటే కింద కూర్చుని క్యారేజీ విప్పేవారు. ఇంటినుంచి పులుసు తెస్తే తనకి మిగలకపోయినా సరే అందరికీ వడ్డించేవారు. చుట్టుపక్కల ఇంకే వర్క్‌షాపులోనూ ఇలా ఉండదని మేం గర్వంగా చెప్పుకునేవాళ్ళం.

పని చూసే పద్ధతి ఒకటుండేది ఆయనకి. బొమ్మ ముందు నిలబడి, తల ఒక పక్కకి వాల్చి, చాలాసేపు చూసి, బొటనవేలితో ఎక్కడో ఒకచోట నొక్కేవారు. ఎందుకు నొక్కారో చెప్పరు. భుజం మీద నొక్కితే భుజం ఒక్కటే బాగాలేదనా, మొత్తం మళ్ళీ చెయ్యమనా? అడిగితే నవ్వేవారు. "నాకైతే బాగానే ఉన్నట్టుందండి. మీరు చూసుకోండి" అనేవారు. ఇంక ఆ రోజంతా ఆ బొటనవేలి గుంట చుట్టూ మా తర్జనభర్జన.

చెయ్యి, చెయ్యొద్దు, తీసెయ్యి అనే మాటలు ఆయన నోట నేను వినలేదు. "ఇది రేపటికి అయిపోతే ఎంత బాగుండు కదండీ" అనేవారు. వచ్చినవాళ్ళు వెళ్ళాక, "ఇంకాస్త పొడుగ్గా ఉంటే బాగుణ్ణని వాళ్ళ మనసులో ఉన్నట్టుంది పాపం" అనేవారు. అంతే, మేం పరిగెట్టేవాళ్ళం. ఆయన నిట్టూర్పుని బట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకునే తీరుని బట్టి ఏం కావాలో పసిగట్టడమే పనిలో సగం. ఎవరు ముందు పసిగడితే వాళ్ళు ఆ రోజుకి గొప్ప. అందరికంటే నేనే త్వరగా నేర్చుకున్నాను. చదువుకున్నదాన్ని కదా.

చేరిన ఏడాదికి ఆచంట వైపు నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టారి విగ్రహం పని వచ్చింది. కొడుకులు చూడ్డానికి వచ్చి ముక్కు దగ్గర ఆగిపోయారు. మా నాన్నగారిది ఇలా ఉండదండి, ఇది ఎవరిదో ముక్కు అన్నాడు పెద్ద కొడుకు. ఆ ముక్కు చేసింది గురువుగారే. ముఖం ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆయన విగ్రహం వంక చూశారు, కొడుకుల వంక చూశారు, తర్వాత మెల్లిగా వెనక్కి తిరిగారు.

"ఏంటి సూర్రావ్, ఇలా వచ్చిందేంటి?"

కోపం లేదు ఆ గొంతులో. బాధ ఉంది. బాబాయ్ తల వంచుకుని, అచ్చులో ఎక్కడో నొక్కుకుపోయుంటుందండీ, సరిచేస్తాను అన్నాడు. పెద్ద కొడుకు కరిగిపోయాడు. ఎంత ఓర్పండీ మీకు, మేమైతే ఈపాటికి నాలుగు తిట్టుండేవాళ్ళం అన్నాడు. గురువుగారు నవ్వి, మనుషులం కదండీ, పొరపాట్లు జరుగుతాయి అన్నారు. ఆ మధ్యాహ్నం పులుసు ముందుగా బాబాయ్ కంచంలోనే పడింది.

అప్పుడు నాకూ ఆయన దేవుడిలానే కనిపించారు. తిట్టలేదు కదా అనుకున్నాను. తిట్టడానికి అక్కడ బాబాయ్ చేసిన తప్పేమీ లేదన్న సంగతి ఇంటికెళ్ళాక గాని తట్టలేదు. మర్నాడు బాబాయ్‌ని అడిగాను, ఎందుకు ఒప్పుకున్నావని. అచ్చు గీకడం ఆపలేదు. అలా అనకపోతే ఆ నిమిషం గడవదమ్మా అన్నాడు. ఇదివరకు రాజమండ్రిలో ఒక మేస్త్రి దగ్గర చేశాడట. "ఆయన తిట్టేవాడమ్మా. చేతిలో ఏదుంటే అది విసిరేవాడు. కానీ ఏం కావాలో చెప్పేవాడు. చెడిపోతే, నేనే కదరా ఇలా చెయ్యమన్నాను అనేవాడు" అన్నాడు. ఆ మేస్త్రి మీద ఇష్టంతో అన్నాడో, ఏదో పోగొట్టుకున్నట్టుగా అన్నాడో తెలీలేదు.

ఫైబర్ పని గురించి ఒక్క సంగతి చెప్పాలి. రెసిన్ అనే జిగురు గట్టిపడాలంటే అందులో రెండు మందులు పడాలి. ఒకటి ఊదారంగులో ఉంటుంది, రెండోది నీళ్ళలా తెల్లగా ఉంటుంది. ముందు ఊదాది జిగురులో వేసి బాగా కలిపాక, అప్పుడు తెల్లది వెయ్యాలి. ఆ రెండూ నేరుగా ఒకదానికొకటి తగిలితే భగ్గుమంటాయి. అందుకని దేని కొలగ్లాసు దానికుండాలి, సీసాలు కూడా చెరో చోట ఉండాలి. చేరిన మొదటివారమే ఈ ముక్క నాకు చెప్పింది బాబాయే. తర్వాత కొన్నాళ్ళకి తెల్లదాని గ్లాసు కిందపడి పగిలింది.

కావలసిన సామాన్ల పుస్తకం నా దగ్గరుండేది. అందులో 'కొలగ్లాసు ఒకటి, సీసాలు విడిగా పెట్టడానికి అలమర ఒకటి' అని రాశాను. ప్రతి సోమవారం ఆ పుస్తకం ఆయనకి చదివి వినిపించాలి. విని, "అవసరమే కదమ్మా" అన్నారు. తెమ్మనలేదు, వద్దనలేదు. పై సోమవారం మళ్ళీ చదివాను. మళ్ళీ అవసరమే అన్నారు. పిసినారితనం కాదు, రోజూ మాకు పెట్టే పళ్ళకే అంతకంటే ఎక్కువయ్యేది. మరి మీరే పాలకొల్లు వెళ్ళి ఒక గ్లాసు తెచ్చుకోవచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. ఆయన 'బాగుండు' అనని పని సొంతంగా చెయ్యడం మాకు అలవాటు తప్పిపోయింది. మూడుసార్లు చదివి, నాలుగో వారం ఆ లైను రాయడం మానేశాను.

రెండు వేల సంవత్సరం వానాకాలంలో భీమవరం దగ్గర్నుంచి ఒక పెద్ద రైతు కుటుంబం తమ తాతగారి విగ్రహం చెయ్యమంది. తొమ్మిదడుగులు. ఆవిష్కరణకి మంత్రిగారి తేదీ దొరికిందని పది రోజులు ముందుకి జరిపారు. బయట వారం రోజులుగా ముసురు. షెడ్డు గోడలు చెమ్మ కారుతున్నాయి. ఈ తడికి జిగురు పట్టదండీ, ఇంకో వారమైనా కావాలి అని బాబాయ్ ఆయనకి చెప్పాడు. పక్కనే ఉన్నాను నేను. ఆయన గుమ్మంలోంచి వాన వంక చూశారు.

"పాపం వాళ్ళు మాటిచ్చేసుకున్నారంట. శుక్రవారానికి నిలబడితే ఎంత బాగుండు" అన్నారు.

బాబాయ్ ఎప్పుడూ రెండోసారి అడిగే మనిషి కాదు. ఆ రోజు అడిగాడు. "కుదరదని కబురు చెయ్యమంటారా అండి?"

"నీకు తెలియంది నాకేం తెలుసు సూర్రావ్? మీరు చూసుకోండి."

రెయిన్‌కోటు తొడుక్కుని స్కూటరెక్కి వెళ్ళిపోయారు.

బుధవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక జరిగింది. నేను ఇటు పక్క కూర్చుని పేరు పలక రాస్తున్నాను. బాబాయ్ మూడు రోజులుగా సరిగ్గా నడుం వాల్చలేదు. ఉన్న ఒక్క గ్లాసుతో ఊదాది కొలిచి జిగురులో పోశాడు. గ్లాసుని గుడ్డతో తుడిచి అందులోనే తెల్లది పోశాడు. అడుగున ఇంకా కాస్త ఊదా మిగిలుంది. నాకు బుస్సుమన్న చప్పుడు వినబడింది. తల తిప్పేసరికి బాబాయ్ కుడిచేతికీ, మొహం కుడివైపుకీ మంట. తడి గోనెసంచులు కప్పాం. తొట్టిలో నీళ్ళు తెచ్చి కుమ్మరించాం. బాబాయ్ అరవలేదు. కళ్ళలో పొయ్యండి, ముందు కళ్ళలో పొయ్యండి అంటూనే ఉన్నాడు. ఆటోలో పాలకొల్లు తీసుకెళ్తే, ఇక్కడ కాదు విజయవాడ వెళ్ళమన్నారు.

గురువుగారు ఆసుపత్రికి పరిగెట్టుకొచ్చారు. వరండాలో బెంచీ మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చారు. నటన అని నేనెప్పుడూ అనను. అవి నిజమైన కన్నీళ్ళే. వైద్యమంతా నాదే భారం అన్నారు, ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. బాబాయ్ భార్య ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టింది. షెడ్డులో మిగిలినవాళ్ళు ఎలాగో పని ముగించారు. శుక్రవారానికి విగ్రహం నిలబడింది. ఆయన విజయవాడ నుంచి తిన్నగా ఆవిష్కరణకి వెళ్ళి, శాలువా కప్పించుకుని, మళ్ళీ సాయంత్రానికి ఆసుపత్రిలో ఉన్నారు.

ఆ పై వారం ఎస్సైగారు స్టూడియోకి వచ్చారు. కాలిన గాయాల కేసు కాబట్టి ఎలా జరిగిందో కాగితం మీద ఉండాలన్నారు. గురువుగారు కుర్చీ తెప్పించి, టీ తెప్పించి, నన్ను చూపించారు. ఆ సమయానికి నేను లేనండి, ఈ అమ్మాయి అక్కడే ఉంది, దస్తూరీ కూడా చక్కగా ఉంటుంది, తనే రాస్తుంది అన్నారు. నాకు తెల్లకాగితాలు ఆయనే తెచ్చిచ్చారు.

"నీకు తెలిసింది నువ్వు రాయమ్మా. నేను చెప్పకూడదు."

కలం పట్టుకుని కూర్చున్నాను. ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. కాసేపటికి నిట్టూర్చి, తనలో తను అనుకున్నట్టుగా, పాపం తొందరపడ్డాడు సూర్రావు అన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

అది చాలు నాకు. 'పని త్వరగా ముగించాలన్న తొందరలో, తగిన జాగ్రత్త తీసుకోనందువల్ల' అని రాశాను. గ్లాసు సంగతి రాయలేదు. వారం గడువు అడిగిన సంగతి రాయలేదు. ఒక్క కొట్టివేత లేకుండా, ముత్యాల్లాంటి అక్షరాలతో పేజీన్నర రాసి, కింద సంతకం పెట్టాను. ఆయన మొత్తం చదివారు.

"ఇదేనా నువ్వు రాయాలనుకున్నది? నేనైతే ఏమీ చెప్పలేదు కదా?" అని అడిగారు, ఎస్సైగారు వింటుండగా.

లేదండీ, మీరేం చెప్పలేదు అన్నాను.

నాలుగు నెలలకి బాబాయ్ తిరిగొచ్చాడు. కుడిచేతి వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కుడికన్ను తెల్లగా అయిపోయింది. ఎడంకన్ను మసకమసకగా కనబడుతుందన్నాడు. గురువుగారు గేటు పక్కన నీడలో కుర్చీ వేయించి, ఊరికే కూర్చో, ఎవరొచ్చారో చూస్తుండు చాలు అన్నారు. జీతం ఆపలేదు. ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. విగ్రహాలు చూసుకోవడానికి ఎవరొచ్చినా గురువుగారు ఆ కుర్చీ దగ్గర ఒక నిమిషం ఆగి, మా సూర్రావండీ, చిన్న పొరపాటు చేసుకున్నాడు, అలాగని వదిలేస్తామా అనేవారు. వాళ్ళు జాలిగా చూసేవారు. బాబాయ్ మంచి కన్ను నేలమీద పెట్టుకుని కూర్చునేవాడు. పాతికేళ్ళు అచ్చులు పోసిన మనిషి.

ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, పోలీసులకి ఏదో కాగితం రాశావంట కదమ్మా, అందులో ఏముందో చదివి పెడతావా అన్నాడు. కార్బన్ కాపీ ఫైల్లో ఉంది. లేదని చెప్పొచ్చు. చెప్పలేకపోయాను. తెచ్చి, కుర్చీ పక్కన గట్టు మీద కూర్చుని చదివాను. నా అక్షరాలే, చదవడానికి ఏమీ ఇబ్బంది లేదు. అంతా అయ్యేదాకా బాబాయ్ కదలకుండా విన్నాడు.

"గ్లాసు సంగతి లేదేంటమ్మా?"

నేను కాగితం మడత పెట్టాను.

"రాయొద్దన్నారా గురువుగారు?"

అవునని ఒక్క మాట అనేస్తే నేను బయటపడేదాన్ని. ఆ మనిషి నమ్మేవాడు కూడా. కానీ ఆయన వద్దనలేదు. ఆయన ఎప్పుడూ ఏదీ అనలేదు.

"లేదు బాబాయ్" అన్నాను.

"మరైతే ఎందుకు రాయలేదమ్మా?" అన్నాడు. నిలదీసినట్టు కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

వారం తిరక్కుండానే, జరిగినదంతా ఉన్నదున్నట్టు మళ్ళీ ఇంకో కాగితం రాసి పోలీస్ స్టేషన్‌కి పట్టుకెళ్ళాను. అది ఎప్పుడో మూసేసిన కేసమ్మా, ఎవరూ ఫిర్యాదు కూడా ఇవ్వలేదు, ఇప్పుడు దీన్ని తీసుకుని మేమేం చెయ్యాలి అన్నారు. తిరిగొచ్చి నేరుగా గురువుగారి గదిలోకి వెళ్ళాను. ఆయన ఎవరిదో ఫొటో ముందు పెట్టుకుని మట్టి పిసుకుతున్నారు. ఆయన మొహంలోకి చూసి ఏం కావాలో కనిపెట్టకుండా మాట్లాడడం నాకదే మొదలు. గ్లాసు కావాలని మూడుసార్లు మీకు చదివి వినిపించానండి, వారం గడువు కావాలని బాబాయ్ అడిగినప్పుడు మీరు విన్నారు, ఇందులో తప్పు మీదీ నాదీ కూడా, కేసుల కోసం కాదు గానీ ఒక్కసారి ఆ మాట మీ నోటితో బాబాయ్‌కి చెప్పండి అన్నాను.

ఆయన అడ్డు రాకుండా అంతా విన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చెప్పాలమ్మా. తప్పకుండా చెప్పాలి. పద" అని లేచారు. నమ్మాను.

బయటికొచ్చి అందర్నీ రమ్మని పిలిచారు. గేటు దగ్గరికి నడిచి వెళ్ళారు. బాబాయ్ లేవబోతే భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు. కాలిపోయిన ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"సూర్రావ్, ఈ అమ్మాయి పాపం లోపల్లోపల కుమిలిపోతోంది. ఆ కాగితంలో నీ గురించి ఏదో పొరపాటుగా రాసేసిందంట. చిన్నపిల్ల. నువ్వు మనసులో పెట్టుకోకు."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. నేను రాశాను. నేను కుమిలిపోతున్నాను. అందరూ నా వంక చూశారు, అందరి చూపుల్లోనూ నామీద జాలి, ఆయన మీద గౌరవం.

బాబాయ్ నెమ్మదిగా తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పర్లేదండీ, అమ్మాయిగారు నాకు చదివి వినిపించారు, ఆవిడ రాసింది ఆవిడే ఒప్పుకున్నారు అన్నాడు. తర్వాత ఆ మంచి కన్నుని ఆయన గొంతు వినబడిన వైపుకి ఎత్తాడు.

"మరి మీరండి?"

అన్నేళ్ళలో ఆ షెడ్డులో ఆయన్ని ఎవరూ అడగని ప్రశ్న. గురువుగారు మెల్లిగా వెనక్కి తిరిగారు. ఒక్కొక్కరి మొహంలోకీ చూశారు, ఎవరైనా అందుకుంటారని. ఆనాడు ముక్కు తప్పు బాబాయ్ అందుకున్నట్టు, ప్రతిదాన్నీ ఎవరో ఒకరు అందుకున్నట్టు. నా వంక అందరికంటే ఎక్కువసేపు చూశారు. ఎవరం కదల్లేదు.

"భోజనాలు కానివ్వండి" అని గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు.

మర్నాటి నుంచి బాబాయ్ రాలేదు. ఎన్నిసార్లు కబురు చేసినా రాలేదు. నేను ఆ నెలాఖరుకి మానేశాను. మిగిలిన ఐదుగురూ ఉండిపోయారు, వాళ్ళని తప్పుపట్టను, ఇళ్ళు గడవాలి. ఆయన ఇంకా ఎన్నో విగ్రహాలు చేశారు. బాబాయ్ అడిగినదానికి జవాబు చెప్పకుండానే ఇంకో ఎనిమిదేళ్ళు అందరి మంచీ చెడ్డా కనుక్కుంటూ, ఎవర్నీ పల్లెత్తు మాట అనకుండా బతికారు.